ఏడో మేస్త్రి

రికార్డు కీపర్‌ను చంపినవాళ్ళు వెళ్తూ వెళ్తూ తలుపు మెల్లగా దగ్గరికి వేసి మరీ వెళ్ళారు. అందుకే పదకొండు గంటలకు ఆయా టీ తీసుకొచ్చేదాకా ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

అతను కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. కళ్ళజోడు కూడా చెదరలేదు. చెవి వెనక సూది దిగిన చిన్న గుర్తు. మెడలో వదులుగా ఒక తాడు. ప్రాణం తీసింది ఆ తాడు కాదు, అది అలంకారానికి వేసింది. పెదవుల మీద తడి సున్నం. వెనక ఇనప్పెట్టె తెరిచి ఉంది. అందులోంచి పోయింది ఒకే ఒక్కటి, వేలెడు పొడవున్న మైక్రోఫిల్మ్ ముక్క. దాని మీద తొమ్మిది పేర్లు, తొమ్మిది చిరునామాలు. సరిహద్దు అవతల మారుపేర్లతో బతుకుతున్న డిపార్ట్‌మెంట్ మనుషులు. ఆ ఫిల్మ్ అవతలివాళ్ళ చేతికి చేరిన మర్నాడే వాళ్ళను గోడకు నిలబెట్టి కాల్చేస్తారు. వాళ్ళకు కబురు చేర్చి ఇళ్ళు మార్పించాలంటే పది రోజులైనా పడుతుంది.

మూడో అంతస్తులో చీఫ్ గది. డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆయన్ను పెదనాన్న అంటారు. ప్రేమగా చూసుకుంటాడని కాదు, చావు కబురు చెప్పేటప్పుడు ఇంటి పెద్దలాగా గొంతు తగ్గిస్తాడని. ఆ మధ్యాహ్నం ఆయన ఎదురుగా కూర్చున్నవాడి కోడ్ నేమ్ గుమాస్తా. వయసు నలభై నాలుగు. గూఢచారికి ఉండాల్సిన హంగులేవీ అతనికి లేవు. బస్సులో గంటసేపు పక్కన కూర్చున్నవాడు కూడా దిగగానే అతని మొహం మర్చిపోతాడు. పద్దెనిమిదేళ్ళుగా అతన్ని బతికించింది ఆ మొహమే.

"లిస్టులో మావాడున్నాడా?" అని అడిగాడు గుమాస్తా.

"నాలుగో పేరు," అన్నాడు పెదనాన్న, ఫైలు సర్దుకుంటూ.

మావాడంటే సొంత తమ్ముడు. ఇంట్లో చిన్నోడంటారు. రేడియో మెకానిక్. ఐదేళ్ళ కిందట పని దొరక్క ఇంట్లో కూర్చుంటే, ఇంటర్వ్యూకి తీసుకొచ్చి, సిఫారసు చేసి, ఈ మంటలోకి తోసింది అన్నే. వాళ్ళమ్మకు మాత్రం ఓడలో ఎలక్ట్రీషియన్ అని చెప్పారు. అమ్మ వాతావరణ వార్తలు వినడం అప్పట్నుంచే మొదలుపెట్టింది. ఆవిడ రేడియో దగ్గర కూర్చున్నప్పుడల్లా గుమాస్తాకు ఆ గదిలో ఉండబుద్ధయ్యేది కాదు.

"ఎవరి పని ఇది?"

"రాతి సభ అని ఒక ముఠా. మూడు దేశాలకు మన రహస్యాలు అమ్ముతుంది. ఆరుగురు మనుషులు. వాళ్ళ లీడరు పళ్ళ డాక్టరు. నెమలి లోపలుంది కాబట్టి ఇంత తెలిసింది."

నెమలి పేరు వినగానే గుమాస్తా ముఖం చిట్లించాడు. ఆవిడ ముఠాకు సెక్రటరీ, డిపార్ట్‌మెంట్‌కు ఇన్ఫార్మర్. ఇంకెవరికి ఏమవుతుందో ఎవరికీ తెలియదు.

"తాడు, సున్నం ఏంటి సార్? నాటకం కంపెనీలాగా."

"నాటకమే. పూర్వం రాతిపని మేస్త్రీలకు ఒక సంఘం ఉండేది. కళ్ళకు గంతలు, మెడలో తాడు, ప్రమాణాలు, గుర్తు చప్పుళ్ళు. వీళ్ళు ఆ తంతంతా ఎత్తుకొచ్చి పెట్టుకున్నారు. కొత్తగా పుట్టిన ముఠాకి వయసుండదు గదా. వయసు లేకపోతే ఎవడూ భయపడడు. అందుకని పాతవాళ్ళ దగ్గర వయసు అరువు తెచ్చుకుంటారు. అందరూ అంతే. నువ్వు డ్యూటీలో చేరిన రోజు దీపం మీద చెయ్యి పెట్టించాం, గుర్తుందా?"

"ఉంది. కాలింది."

"అది ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నామో నాకూ తెలీదు."

పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఈ నక్క వాతల్ని మరీ మనసులో పెట్టుకుంది. పళ్ళ డాక్టరుకు ఆ తంతు అంటే ప్రాణం. ఏడుగురుంటే తప్ప సభ నిండినట్టు కాదని పాత నియమం. కిందటి నెల వాళ్ళలో ఒకడు సరిహద్దు దగ్గర కాల్పుల్లో పోయాడు. ఆరుగురే మిగిలారు. ఏడోవాడు వచ్చేదాకా ఫిల్మ్ చెయ్యి మారదు. దానికి కాపీ కూడా తియ్యలేదు. రహస్యానికి రెండో ప్రతి ఉండకూడదన్నది ఇంకో నియమం. ఆ నియమం పెట్టిన మేస్త్రీలకు రాయడం రాకపోవడమే దానికి కారణమని డాక్టరుకు తట్టలేదు.

"ఏడోవాడిగా ఓ కస్టమ్స్ ఆఫీసర్ని నెమలి సిఫారసు చేసింది," అన్నాడు పెదనాన్న. "అసలువాడు మన లాకప్‌లో ఉన్నాడు. వాణ్ణి వాళ్ళెవరూ చూడలేదు. నువ్వు వాడివై వెళ్తావు. వచ్చే శనివారం ఉదయం పది గంటలకు సభ. అక్కడికి విదేశీ అతిథి వస్తాడు. ఏడుగురి ముందు ఫిల్మ్ అతని చేతిలో పెడతారు. పన్నెండుకి అతని ఓడ బయల్దేరుతుంది."

"ముందే దాడి చేస్తే?"

"ఫిల్మ్ ఎక్కడ దాచాడో డాక్టరు ఒక్కడికే తెలుసు. ఆ గదిలో, ఆ గంటలోనే బయటికి తీస్తాడు. సభ ఎక్కడో కూడా ఆ రోజు ఉదయమే చెప్తారు."

"నేనే ఎందుకు సార్?"

"ఆ పాత సంఘంలో ఇంకా బతికున్నవాడు ఒక్కడే. మీ మామగారు."

* * *

గుమాస్తా మామగారికి డెబ్బై ఎనిమిదేళ్ళు. యాభై ఏళ్ళు రాయి కొట్టిన మనిషి. పెరట్లో రేకుల షెడ్డు, దాన్నిండా ఉలులు, సుత్తులు, మూలమట్టం, ఎవరికీ అక్కర్లేని గ్రానైట్ ముక్కలు. అల్లుడు వచ్చి అడిగింది వినగానే ఆయన కొడుతున్న సుత్తి ఆపాడు.

"ప్రమాణం చేశాను గదా అల్లుడూ."

"చిన్నోడి ప్రాణం మామయ్యా."

ఆయన సుత్తి తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఒక్కడు మిగిలాక అది సంఘమేంటిలే. చెప్పుకోడానికి ఎదురుగా మనిషన్నా ఉండాలి గదా. కూర్చో."

ఎనిమిది రోజులు, పొద్దున్నే ఆరు నుంచి తొమ్మిది దాకా పాఠం. ఆయన చెప్తుంటే గుమాస్తాకు ఒక సంగతి అర్థమైంది. ఆ తంతులో దేనికీ దైవత్వం లేదు. అన్నీ పనిలోంచి వచ్చినవే. మెడలో తాడు, ఎత్తయిన గోడ మీద పనిచేసేవాడు పడిపోకుండా కట్టుకున్న తాడు. కుడి బూటు విప్పడం, కొత్తగా పరిచిన బండలు మట్టంగా ఉన్నాయో లేదో పాదంతో చూసుకోడానికి. ఏడుగురు, ఎందుకంటే పెద్ద రాయిని ఆరుగురు మోస్తే ఏడోవాడు అడుగు కలపడానికి కేక వేస్తాడు.

"మరి చప్పుడు?"

"అదే అన్నిటికన్నా ముఖ్యం. కొత్తగా వచ్చినవాడికి రాయి, సుత్తి ఇస్తాం. రెండు దెబ్బలు కొట్టాలి. ఆగాలి. చెవి ఆనించి వినాలి. మంచి రాయైతే లోపల ఇంకా మోగుతూ ఉంటుంది. బీట ఉంటే మొద్దుగా ఆగిపోతుంది. విన్న తర్వాతే మూడో దెబ్బ. వినకుండా మూడోది కొట్టినవాణ్ణి మేం పనిలోకి రానిచ్చేవాళ్ళం కాదు. గోడ కూలితే పోయేది వాడొక్కడే కాదుగా."

గుమాస్తా కొట్టాడు, విన్నాడు, కొట్టాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. ఐదో రోజుకు అది అతనికి తెలియకుండానే జరిగిపోసాగింది. భోజనానికి కూర్చుని బల్ల మీద గిన్నెను రెండుసార్లు తట్టి తల వంచాడు. భార్య వడ్డించడం ఆపి చూసింది.

"మా నాన్న మిమ్మల్ని కూడా పాడుచేశాడా? గిన్నె ఏమంటోంది?"

అతను నవ్వలేకపోయాడు. చిన్నోడు బతికి బట్టకట్టినా, ఆరు నెలలకో ఏడాదికో ఇంకో ఇనప్పెట్టె తెరుచుకుంటుందని అతనికి తెలుసు. ఈ ఉద్యోగంలో కాపాడటమంటే వాయిదా వెయ్యడమే. అయినా ఆ వాయిదా కోసమే తెల్లవారకముందే లేచి రాయి కొడుతున్నాడు.

టెక్నికల్ సెక్షన్ వాళ్ళు బూట్లిచ్చారు. ఎడమ మడమలో ట్రాన్స్‌మిటర్. మూడుసార్లు గట్టిగా నేలకు తొక్కితే వ్యాన్‌లో ఉన్న టీమ్‌కు సిగ్నల్ అందుతుంది. కుడి బూటు విప్పిస్తారని మామగారు చెప్పారు కాబట్టి ఎడమలో పెట్టారు. కళ్ళు మండే గ్యాస్ చిమ్మే పెన్ను ఒకటి ఇచ్చారు. అది ఇచ్చినప్పట్నుంచే కొంచెం కారుతోంది.

* * *

శనివారం ఉదయం తొమ్మిదింటికి చీటీ వచ్చింది. సభా స్థలం ఒక సానిటరీ షాపు. వరసగా కమోడ్లు, సింకులు, కుళాయిలు. కౌంటర్ దగ్గర మెడలో టేపు వేసుకున్న సేల్స్‌మన్. జుట్టుకు రంగేసుకుని, అతికించిన మీసంతో, వేలికి కస్టమ్స్ ఆఫీసరు ఉంగరంతో గుమాస్తా లోపలికి వెళ్ళాడు.

"ఆకుపచ్చ వాష్‌బేసిన్ ఉందా?"

"స్టాక్ లేదు సార్. తెల్లది చూపించమంటారా?"

"తెల్లది మా ఇంట్లో ఆగదు."

"అయితే గోడౌన్‌లో చూడండి," అంటూ సేల్స్‌మన్ వెనక తలుపు తీశాడు. తీస్తూ తీస్తూ జేబులోంచి పెన్ను లాగేసుకున్నాడు. "ఇంకు కారుతోంది సార్. నా దగ్గరుంచుతాను."

మెట్లు దిగితే సెల్లార్. ట్యూబ్‌లైట్లు దేదీప్యమానంగా వెలుగుతున్నాయి. చీకట్లో రాయి కనిపించదు కాబట్టి మేస్త్రీలు పట్టపగలే కలుసుకునేవాళ్ళు. వీళ్ళూ పట్టపగలే కలుసుకున్నారు, కాకపోతే నేల కింద. మెట్ల దగ్గర నెమలి నిలబడి ఉంది. నీలం పట్టు గౌను, ఎత్తు మడమల చెప్పులు, మూడడుగుల దూరం నుంచే తగిలే సెంటు. పాత సంఘంలో ఆడవాళ్ళు లేరు. ఈ ముఠాలో తాళాలన్నీ ఆవిడ దగ్గరే ఉన్నాయి.

ఆవిడే అతని కళ్ళకు గంతలు కట్టింది. మెడలో తాడు వేసింది. తర్వాత ఒంగి, "ఎడమ బూటు విప్పండి," అంది.

గుమాస్తా కాలు వెనక్కి తీసుకున్నాడు. "ఎడమా? కుడి కదా?"

"ఇక్కడ ఎడమే."

విప్పక తప్పలేదు. బూటు అరలో పెట్టిన చప్పుడు వినిపించింది. దానితోపాటు టీమ్, వ్యాన్, సాయం అన్నీ ఆ అరలోకే పోయాయి. ఇప్పుడతను శత్రువుల నేలమాళిగలో ఒక కాలి మీద బూటుతో నిలబడ్డ మామూలు మనిషి.

నెమలి అతని చెవి దగ్గరికొచ్చి తాడు సరిచేస్తున్నట్టు నటించింది. "వెళ్ళిపోదామనుకుంటే ఇదే ఆఖరి అవకాశం. వెనక తలుపు తీసే ఉంది. నువ్వొచ్చింది తొమ్మిదిమంది కోసం కాదు. ఎనిమిదిమంది కోసం."

"అంటే?"

"నీకింకా చెప్పలేదన్నమాట," అందావిడ, నిజంగానే జాలిగా.

ఆ మాటకు అర్థం ఏమిటో ఊహించడం కష్టం కాదు. అతను ఊహించడానికి ఇష్టపడలేదు. తల అడ్డంగా ఊపి, "పద," అన్నాడు.

గంతలు విప్పేసరికి ఎదురుగా ఆరుగురు కనిపించారు. ఉతికి ఇస్త్రీ చేసిన తోలు రంగు ఏప్రన్లు కట్టుకున్నారు, అందరి ఎడమ కాళ్ళకూ బూట్లు లేవు. మధ్యలో పళ్ళ డాక్టరు. తెల్లని, మెత్తని చేతులు, గోళ్ళు నీటుగా కత్తిరించుకున్న చేతులు. పక్కన షాపు ఓనరు చేతిలో పిస్టల్. ఇంకో పక్క ఒక భూమి సర్వేయరు, ఒక ప్రెస్సు యజమాని, ఇద్దరు కవల కాంట్రాక్టర్లు. మూల కుర్చీలో విదేశీ అతిథి. గడియారం చూసుకుంటున్నాడు. డాక్టరు ముందు బల్ల మీద చిన్న ఇత్తడి పెట్టె, దాని పక్కన ఆ తంతంతా రాసి ఉన్న, అట్ట చిరిగిన పాత పుస్తకం. గది మధ్యలో ఇనప తొట్టి, అందులో కాల్చిన సున్నపు రాళ్ళు. గోడ వారగా వరసగా రాతి దిమ్మెలు, సుత్తులు.

ప్రమాణాలు గడిచాయి. ప్రశ్నలు గడిచాయి. చివరికి డాక్టరు గంభీరంగా ఒక రాతి దిమ్మె చూపించి సుత్తి అందించాడు. "మూడు చప్పుళ్ళు చేసి మాలో కలువు."

గుమాస్తా మనసు ఆ క్షణంలో అక్కడ లేదు. ఎనిమిది అన్న మాట దగ్గర ఉంది. చేతులు మాత్రం నేర్చుకున్న పని చేసుకుపోయాయి. ఒకటి. రెండు. ఆగి, తల వంచి, రాయికి చెవి ఆనించాడు.

తల ఎత్తేసరికి పిస్టల్ అతని వైపు చూస్తోంది.

"ఏం చేశావు నువ్వు?" అన్నాడు డాక్టరు.

ఎనిమిది రోజుల కష్టమంతా ఒక్క చెవి వల్ల నేలపాలైంది. వాళ్ళు మూడు దెబ్బలూ గబగబా కొట్టేస్తారు. ఆ పుస్తకంలో వినడమన్నది లేదు. అసలైన పద్ధతి చేసినవాడే ఈ గదిలో దొంగవాడు.

"కస్టమ్స్ ఆఫీసరు ఇలా చెయ్యడు. షూట్ చేసి పని కానివ్వండి," అన్నాడు అతిథి, యాస ఉన్న భాషలో. "పదకొండు దాటింది. ముప్పావుకి నేను కార్లో ఉండాలి."

షాపు ఓనరు పిస్టల్ ఎత్తాడు. అప్పుడు నెమలి, చీటీలు సర్దుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు అంది. "అతను చేసిందే అసలు పద్ధతేమో."

"ఏంటీ?" డాక్టరు ఆవిడ వైపు తిరిగాడు.

"ఈ పుస్తకం రాసినాయన మేస్త్రీ కాదు కదండీ. బయటివాడు. వాళ్ళను అడిగి రాసుకున్నాడు. బయటివాడు అడిగితే వాళ్ళు నిజం చెప్తారా?"

గుమాస్తాకు దారి కనిపించింది. ఇరుకు దారే, కానీ నిండా మునిగినవాడికి చలేమిటి.

"మా మామగారు ఆ సంఘంలో ఆఖరివాడు," అన్నాడు. ఈ ఒక్కటీ అబద్ధం కాదు. "నాకు నేర్పింది ఆయనే. మీరు విప్పాల్సింది కుడి బూటు. ఎడమ కాదు. ఆ కాలితోనే బండ మట్టం చూసేది. మీకు కుడిఎడమలు తిప్పి చెప్పారు. వినడం అసలు చెప్పనే లేదు."

డాక్టరు తన చేతులు చూసుకున్నాడు. ఇరవై మూడో ఏట అతను ఆ మేస్త్రీల దగ్గరికి వెళ్ళి చేర్చుకోమని బతిమాలాడు. వాళ్ళు అతని చేతులు తిప్పి చూసి, ఈ చేతులకు ఇక్కడ పనిలేదు బాబూ అని నవ్వి పంపించేశారు. ఆ నవ్వుకు జవాబుగానే ముప్పై ఏళ్ళ కిందట ఈ సభ పెట్టాడు. రహస్యాలు అమ్మడం తర్వాత వచ్చింది. ఇప్పుడు వాళ్ళు ఇంకోసారి నవ్విన చప్పుడు అతనికి వినపడుతోంది.

"అయితే," అన్నాడు సర్వేయరు మెల్లగా, "మనం చేరిందే తప్పు పద్ధతిలోనా? అంటే మనం సభ్యులమేనా? మరి మన ప్రమాణం చెల్లుతుందా?"

"నోర్ముయ్," అన్నాడు ప్రెస్సు యజమాని. కానీ తన ఎడమ కాలి వైపు చూసుకున్నాడు.

అతిథి లేచి నిలబడ్డాడు. "డాక్టర్, ఫిల్మ్ ఇవ్వండి. ఈ ఆటలు తర్వాత."

"నిండు సభలో తప్ప ఇవ్వడానికి వీల్లేదు," అన్నాడు డాక్టరు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళు గుమాస్తాను వదల్లేదు. "అసలు పద్ధతి తెలుసా నీకు? మొత్తం?"

"మొత్తం తెలుసు."

"చేయించు. మా అందరికీ. తర్వాత చంపుతాం."

ఇంత నిజాయితీగా చెప్పినవాణ్ణి గుమాస్తా తన సర్వీసులో చూడలేదు. "ముందు బూట్లు," అన్నాడు. "అందరూ కుడివి విప్పండి, ఎడమవి తొడుక్కోండి. నాది కూడా ఇవ్వండి. ఎడమ పాదం నేలకు తగలకూడదు."

నెమలి అరలోంచి బూటు తెచ్చి అతని ముందు పెట్టింది. అతను కాలు దూర్చి, పట్టు సరిగ్గా కూర్చోవడానికన్నట్టు మూడుసార్లు గట్టిగా తొక్కాడు. సిగ్నల్ ఈ నేల కిందనుంచి బయటికి పోతుందో లేదో దేవుడికి తెలియాలి. వ్యాన్ ఇరవై నిమిషాల దూరంలో ఉంది.

ఇక మిగిలింది కాలం గడపడమే. మామగారు చెప్పినవి ఐదు నిమిషాల్లో అయిపోతాయి. మిగతావి గుమాస్తా అక్కడికక్కడే పుట్టించాడు. సున్నం ఉడకాలి, ఉడికే సున్నం ముందే సుత్తి పట్టాలి అన్నాడు. కవలలు తొట్టిలో బకెట్లతో నీళ్ళు పోశారు. సున్నం కుతకుతలాడుతూ పొగలు కక్కింది. చేతులు మూడుసార్లు కడుక్కోవాలన్నాడు, కడుక్కున్నారు. వయసు వరసలో నిలబడమన్నాడు. కవలల్లో పెద్దవాడెవడో తేలడానికి నాలుగు నిమిషాలు పట్టింది. పుస్తకంలో లేని ప్రతి పనీ వాళ్ళకు మరింత పవిత్రంగా తోచింది. పుట్టి పావుగంట కాని ఆచారం ముందు ఆరుగురు పెద్దమనుషులు తలలు వంచి నిలబడ్డారు. తమ డిపార్ట్‌మెంట్ దీపం కూడా ఇలాగే ఎవడో ఒకడు ఆలస్యం చెయ్యడానికి వెలిగించి ఉంటాడని అతనికి అనిపించింది.

"ఇప్పుడు రెండు దెబ్బలు. కళ్ళు మూసుకుని చెవి ఆనించండి. వినిపించేదాకా తల ఎత్తకూడదు."

ఆరుగురూ ఆరు రాళ్ళకు చెవులు ఆనించారు. షాపు ఓనరు కూడా. పిస్టల్‌ను అతను పక్కన బల్ల మీద పెట్టాడు.

పదకొండు ముప్పై తొమ్మిది. అతిథికి ఓపిక నశించింది. ఒక్క అంగలో బల్ల దగ్గరికొచ్చి ఇత్తడి పెట్టె తెరిచాడు. ఫిల్మ్ తీసి వెలుతురుకు పట్టి చూసుకున్నాడు. రెండో చేత్తో ఓనరు పిస్టల్ అందుకుని మెట్ల వైపు నడిచాడు. గుమాస్తా అతనికి అడ్డంగా పరుగెత్తాడు. పిస్టల్ పేలింది. ఎడమ భుజంలో ఎవరో ఉలి దింపినట్టయింది. కిందపడుతూనే అతిథి కాలు పట్టుకున్నాడు. అతిథి విదిలించుకుని మొదటి మెట్టు ఎక్కాడు. అక్కడ నీలం గౌను కింద నుంచి ఎత్తు మడమ చెప్పు ఒకటి, పొరపాటున అన్నట్టు, అడ్డంగా వచ్చింది.

అతిథి బోర్లా పడ్డాడు. వేళ్ళ మధ్య నుంచి ఫిల్మ్ జారి బండ మీదకొచ్చింది. గుమాస్తా మోకాళ్ళ మీద పాకి దాన్ని తీసుకున్నాడు. వెనక మళ్ళీ పిస్టల్ ఎత్తిన చప్పుడు. వెనక్కి తిరిగి చూడకుండా ఫిల్మ్‌ను ఉడికే సున్నంలోకి విసిరాడు. అది ఒక్కసారి ముడుచుకుని తెల్లటి బురదలో కలిసిపోయింది. తొమ్మిది పేర్లూ కలిసిపోయాయి.

రెండో గుండు పేలకముందే మెట్ల మీద టీమ్ బూట్లు మోగాయి. వాళ్ళు ఏడు నిమిషాల ముందే షాపుకు వచ్చారట. ఏ కలరు వాష్‌బేసిన్ కావాలో తేల్చనిదే సేల్స్‌మన్ లోపలికి వదల్లేదట.

అందరికీ బేడీలు పడ్డాయి. డాక్టరు మాత్రం ఇంకా రాయి దగ్గర్నుంచి కదల్లేదు. అటు పిస్టల్ పేలినా అతను తల ఎత్తలేదు. బేడీలు వేయించుకుంటూ గుమాస్తాను అడిగాడు.

"ఏదో వినిపించింది. మొద్దుగా. మంచిదేనా?"

"బీట ఉంది డాక్టరుగారూ."

డాక్టరు తల ఊపాడు. ముప్పై ఏళ్ళలో అతనికి ఎవరైనా నిజం చెప్పడం అదే మొదటిసారి కావచ్చు. నెమలి కోసం చూస్తే మెట్ల దగ్గర సెంటు వాసన తప్ప ఏమీ లేదు. వెనక తలుపు ఆవిడ చెప్పినట్టే తీసి ఉంది.

* * *

సాయంత్రం నాలుగింటికి, భుజానికి కట్టుతో, గుమాస్తా మూడో అంతస్తులో కూర్చున్నాడు. పెదనాన్న గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అందరికీ మెసేజ్ వెళ్ళింది. ఇల్లు మారుతున్నారు. సేఫ్."

"ఎంతమంది?"

పెదనాన్న కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. దాని మీద మచ్చ ఏమీ లేదు.

"ఎప్పుడు పోయాడు?"

"రికార్డు కీపర్ పోవడానికి పదకొండు రోజుల ముందు. రేడియోతో దొరికిపోయాడు. ఎవరి పేరూ చెప్పలేదు. ఆ ఎనిమిదిమంది ఇవాళ్టిదాకా ఉన్నారంటే అందుకే."

గుమాస్తా బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. ఎక్కడో ఫోన్ మోగి ఆగిపోయింది. చిన్నోడికి చీకటంటే భయం. పదేళ్ళొచ్చేదాకా అన్న చొక్కా పట్టుకుని పడుకునేవాడు. అక్కడ జైల్లో ఏం పట్టుకున్నాడో. గుమాస్తాకు గట్టిగా ఏడవాలనిపించింది, కానీ ఆ గదిలో ఏడిస్తే అది కూడా ఫైల్లోకి ఎక్కుతుంది.

"నాకు చెప్పలేదు."

"చెబితే వెళ్ళేవాడివి కాదు."

"లోపలికెళ్ళాక తెలిసింది. నెమలి చెప్పింది. తలుపు కూడా తీసి ఉంది."

పెదనాన్న తలెత్తి చూశాడు. "అయినా ఉన్నావా?"

"ఉన్నాను."

పెదనాన్న కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"శవాన్ని ఇస్తారా?"

"మనం అడగలేం. వాడు మనవాడని మనమే ఒప్పుకోలేదు."

"మూడు రోజులు సెలవు కావాలి. అమ్మ దగ్గర ఉండాలి."

పెదనాన్న సొరుగులోంచి ఫారం తీసి ముందు పెట్టాడు. పెన్ను కూడా ఇచ్చాడు. "దగ్గరి బంధువు మరణం అని మాత్రం రాయకు. అధికారికంగా వాడు అక్కడ లేడు. లేనివాడు పోయాడంటే అకౌంట్స్‌వాళ్ళు ఒప్పుకోరు. వేరే కారణం ఏదైనా రాయి."

గుమాస్తా పెన్ను అందుకుని, కారణం అన్న గడిలో 'స్వల్ప జ్వరం' అని రాసి ఇచ్చాడు. పెదనాన్న సంతకం పెట్టి, కాగితం తిరిగి ఇస్తూ, మూడు రోజుల్లోపు జ్వరానికి డాక్టరు సర్టిఫికెట్ అక్కర్లేదని దయగా చెప్పాడు.